మెట్టకు పేర్లు, మాగాణికి ఇళ్లు

పడమటి నెల్లూరులో ఒక నాయకుడు పోతే ఏం జరుగుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. కూడలిలో విగ్రహం లేస్తుంది. కట్టి ఉన్న ఏదో ఒక దానికి, లేదా ఇంకా కట్టని దానికి, ఆయన పేరు తగులుతుంది. ఏటా రెండు పూటలు, జయంతికీ వర్ధంతికీ, దండ పడుతుంది. అంతటితో జ్ఞాపకం అనే బాధ్యత తీరిపోయిందని అందరం చేతులు దులుపుకుంటాం. ఇది జ్ఞాపకం కాదు, జ్ఞాపకాన్ని ఎగ్గొట్టే పద్ధతి అని నా అభియోగం. ఉదయగిరి, ఆత్మకూరు అనే రెండు ఊళ్లను పట్టుకుని ఈ మాట చెప్తాను. ఇక్కడ ఆ ఎగవేత మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దగ్గరి సంగతితో మొదలుపెడతాను. ఆత్మకూరు నుంచి 2014లో, 2019లో గెలిచి, మంత్రిగా ఉన్న మేకపాటి గౌతంరెడ్డి 2022 ఫిబ్రవరి 21న హఠాత్తుగా చనిపోయారు. అంత్యక్రియలు ఉదయగిరిలో, వాళ్ల కుటుంబం నడిపిన ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలో జరిగాయి. ఎదుగుతున్న మనిషి అలా పోతే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. పార్టీలతో పనిలేకుండా ఆ రోజు జనం ఏడ్చారు. నా తగవు ఆ ఏడుపుతో కాదు, తర్వాత జరిగినదానితో. సంగం బ్యారేజీకి ఆయన పేరు పెడుతున్నట్టు ప్రకటన వచ్చింది. 2022 సెప్టెంబరు 6న ఆ పేరుతోనే ప్రారంభమైంది. అదే రోజు నెల్లూరు బ్యారేజీకి నల్లపరెడ్డి శ్రీనివాసులురెడ్డి పేరు.

సంగం దగ్గర పెన్నకు అడ్డకట్ట 19వ శతాబ్దపు సంగతి. పాతది శిథిలమైతే కొత్తదానికి వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో పని మొదలై, ముఖ్యమంత్రులు మారి, రాష్ట్రం రెండై, చివరికి పూర్తయింది. మధ్యలో ఎంతమంది ఇంజనీర్లు, ఎంతమంది కూలీలు, ఎన్ని బిల్లులు, ఎన్ని వాయిదాలు! ఆ కథంతా ఒక పేరు కింద పూడిపోయింది. పోనీ, ఆ పేరు గల మనిషి గురించైనా ఆ బ్యారేజీ ఏమైనా చెప్తుందా? ఇరవయ్యేళ్ల తర్వాత దానిమీద బండి మీద పోయే కుర్రాడికి గౌతంరెడ్డి అంటే ఒక కాంక్రీటు. ఏం చదివాడు, ఏం అనుకున్నాడు, మెట్ట పల్లెలో పుట్టిన కుటుంబం ఎలా పైకొచ్చింది, ఏది చేయగలిగాడు, ఏది చేయలేకపోయాడు, ఇవేవీ ఆ గేట్లలోంచి కారవు.

అదే సందర్భంలో ఇంకొక మాట కూడా వచ్చింది. ఉదయగిరి కాలేజీని ప్రభుత్వానికి ఇచ్చేస్తాం, వ్యవసాయ విశ్వవిద్యాలయం చేయండి అని ఆ కుటుంబం అడిగింది. ఈ రెండింట్లో ఏది జ్ఞాపకమో చెప్పమంటే నేను ఒక్క క్షణం కూడా ఆలోచించను. వాన మీద ఆధారపడ్డ మెట్టలో వ్యవసాయ చదువు, నీళ్లు లేని నేలలో నీళ్ల గురించి పరిశోధన. దానికి ఏ పేరు పెట్టుకున్నా ఫర్వాలేదు. కానీ మన దగ్గర బోర్డు రాయడానికి పట్టే కాలానికీ బోధన మొదలవడానికి పట్టే కాలానికీ పొంతన ఉండదు. పేరుకు బడ్జెట్ అక్కర్లేదు కదా!

పేరు ఎంత నిలకడ గలదో కూడా చూద్దాం. విజయవాడ వైద్య విశ్వవిద్యాలయానికి 1998 నుంచి ఎన్టీఆర్ పేరుంది. 2022లో అది వైఎస్సార్ అయింది. 2024లో మళ్లీ ఎన్టీఆర్. డిగ్రీ ఒకటే, సర్టిఫికెట్ మీద పేరు ఏ సంవత్సరం పాసయ్యావన్నదాన్ని బట్టి. 1970లో ఒంగోలు పేరుతో ఏర్పడ్డ జిల్లా 1972లో ప్రకాశం అయింది. 2010లో కడప మాయమై వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో కడప తిరిగొచ్చి ఆ పేరు పక్కన కూర్చుంది. హైదరాబాద్‌లోని పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం పేరు తీసి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ తెలంగాణ శాసనసభ 2025లో చట్టం చేసింది. సురవరం అంతటి మనిషికి ఒక విశ్వవిద్యాలయం ఎప్పుడో దక్కాల్సింది, అందులో వాదన లేదు. అయితే ఒకరి పేరు పీకి ఒకరికి ఇస్తే తప్ప గౌరవించలేమా? అలా ఇచ్చిన గౌరవం రేపు ఇంకొకరు పీకడానికి సిద్ధంగా ఉన్నట్టే. బోర్డుకు కావలసింది నాలుగు మేకులు, పీకడానికి ఒక సుత్తి.

పొట్టి శ్రీరాములు మాట వచ్చింది గనుక, మన జిల్లాకే ఉంది ఆ పేరు. 2008 నుంచి ఇది శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. ఆ పూర్తి పేరు కలెక్టరేట్ లెటర్‌హెడ్ మీద తప్ప ఎక్కడ వినపడుతుంది? ఉదయగిరిలో బస్సెక్కినవాడు "నెల్లూరు ఒకటీ" అనే టిక్కెట్టు అడుగుతాడు. ఆయన పుట్టింది మద్రాసులో, 1901లో. పూర్వీకుల ఊరు పడమటిపల్లి కనిగిరి వైపు, అదీ 1970లో కొత్త జిల్లాలోకి వెళ్లిపోయింది. 1952 అక్టోబరు 19న నిరాహార దీక్షకు కూర్చుని 58వ రోజున, డిసెంబరు 15న, ప్రాణం వదిలింది మద్రాసు మైలాపూరులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో. ఆ ఇల్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ స్మారక భవనంగా ఉంది. రాయపేట హైరోడ్డులో ఆ గుమ్మం ముందు నిలబడితే 58 రోజులు ఎంత పొడవో కొంచెమైనా అర్థమవుతుంది. ఇల్లు చేసే పని అది. జిల్లా పేరు ఆ పని చేయలేదు.

మరి నెల్లూరులో శ్రీరాములు గుర్తు ఎక్కడుండాలి? నన్నడిగితే మూలపేట వేణుగోపాలస్వామి గుడి గుమ్మం దగ్గర. 1946లో ఆ గుడిలోకి దళితుల్ని రానివ్వాలని ఆయన నిరాహార దీక్ష చేశాడు. రాష్ట్రం కోసం చేసిన దీక్షకు ఆరేళ్ల ముందు. అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని మెడలో వేసుకుని ఎండలో చెప్పుల్లేకుండా నెల్లూరు వీధుల్లో తిరిగితే పెద్దమనుషులు పిచ్చివాడన్నారు. ఆ పిచ్చివాణ్ణి మనం జిల్లా పేరులోంచి జాగ్రత్తగా తీసేశాం. మిగిల్చుకున్నది భాష కోసం, రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన అమరజీవిని మాత్రమే. ఆ అమరజీవితో ఎవరికీ పేచీ లేదు, అందుకనే. గుడి గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషితో ఇవాళ్టికీ పేచీ ఉంది. పేరు పెట్టడం అంటే మనిషిని నున్నగా చెక్కి గరుకంతా తీసేయడం అని నేననేది ఇందుకే.

ఇక ఆత్మకూరుకు వద్దాం. ఈ ఊరు ఒక ముఖ్యమంత్రిని గెలిపించింది. ప్రకాశం ప్రభుత్వం పడిపోయాక 1955లో ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. కాంగ్రెస్ కూటమికీ కమ్యూనిస్టులకూ మధ్య జరిగిన ఆ పోటీ ఎంత తీవ్రమైనదో అప్పటి పత్రికలు తిరగేసినవాళ్లకు తెలుసు. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు పడ్డాయి, 196లో 15 సీట్లే వచ్చాయి. ఆ ఎన్నికల్లో ఆత్మకూరు నుంచి గెలిచిన బెజవాడ గోపాలరెడ్డి మార్చి 28న ముఖ్యమంత్రి అయ్యారు. ఇవాళ ఆత్మకూరు బస్టాండులో ఆయన పేరు చెప్తే "బెజవాడాయన సంగతి మనకెందుకు సార్" అంటారు, ఇంటిపేరును ఊరిపేరు అనుకుని. ఆయన బుచ్చిరెడ్డిపాళెం మనిషి. 1907లో అక్కడ పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, టాగూరును తెలుగులోకి తెచ్చి, 1937లోనే రాజాజీ మంత్రివర్గంలో చేరినవాడు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీకి తొలి అధ్యక్షుడు. ఆ అకాడమీని 1983లో ఒక ప్రభుత్వం రద్దు చేసింది. తర్వాత కేంద్రమంత్రి, ఉత్తరప్రదేశ్ గవర్నరు.

సాహిత్యం సంగతి పక్కన పెట్టినా, ఈయన సంతకం ఒకటి ఉంది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద ఆంధ్ర వైపు నుంచి సంతకం చేసిన నలుగురిలో ఆయనొకడు. మిగతావాళ్లు నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. ఆ కాగితంలో రాసుకున్నవి ఎన్ని నిలబెట్టుకున్నారు, ఎన్ని తప్పారు అన్న తగువే 1969లో వీధుల్లోకి వచ్చింది, 2014లో రెండు రాష్ట్రాలై తేలింది. అంటే తెలుగువాళ్ల ఆధునిక చరిత్రలో అతి ముఖ్యమైన కాగితాల్లో ఒకదాని మీద ఉన్నది ఆత్మకూరు ఎమ్మెల్యే సంతకం. ఆత్మకూరు బళ్లో చదివే పిల్లలకి ఈ ఒక్క వాక్యం చెప్పండి, వాళ్ల చరిత్ర పాఠం మారిపోతుంది. పెద్దమనుషులంటే ఎవరు, మాట ఇవ్వడమంటే ఏంటి, తప్పితే ఏమవుతుంది, ఇవన్నీ తమ ఊరి కథలే అని తెలుస్తుంది. తెలంగాణ పిల్లవాడు ఈ ఒప్పందం గురించి వల్లెవేసి పోటీ పరీక్ష రాస్తాడు. సంతకం పెట్టినవాణ్ణి అసెంబ్లీకి పంపిన ఊరి పిల్లవాడికి మాత్రం అది వేరేవాళ్ల సంగతి.

ఇక్కడే నా అసలు తగవు. గోపాలరెడ్డి బుచ్చి మనిషి, కాలువ కింద మాగాణి సీమ. ఉదయగిరి నుంచి 1978, 1983ల్లో గెలిచిన వెంకయ్యనాయుడు చవటపాళెం మనిషి, నెల్లూరు వీఆర్ కాలేజీలో చదివి, 1972 జై ఆంధ్ర ఉద్యమంలో గొంతు విప్పినవాడు. ఆత్మకూరు పగ్గాలు పట్టిన ఆనంవారు నెల్లూరు టౌను వాళ్లు. మేకపాటివారు మర్రిపాడు మండలం బ్రాహ్మణపల్లి వాళ్లు గనుక మినహాయింపు. మొత్తం మీద లెక్క ఇది: గెలవడానికి మెట్ట, ఉండడానికి మాగాణి. ఓట్ల పెట్టెలు మావి, ఇళ్లు వాళ్ల ఊళ్లలో. నామినేషన్ వేసిన రోజు, గెలిచిన రోజు, ఎవరైనా పోయిన రోజు వస్తారు. రాకపోకలకు ట్రావెలర్స్ బంగళా ఉండనే ఉంది. కాబట్టి మా ఊళ్లలో చారిత్రక నాయకుడి ఇల్లు చూపించమంటే చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఇల్లు లేని లోటు పూడ్చడానికే ఇన్ని పేర్లు, ఇన్ని విగ్రహాలు.

వెంకయ్యనాయుడి సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఉపరాష్ట్రపతి అయ్యాక ఆయన గురించి అందరూ రాశారు. ప్రాసలు, ఛలోక్తులు, తెలుగు భాషాభిమానం. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. 1978లో రాష్ట్రమంతా ఇందిరా కాంగ్రెస్ గాలి, 175 సీట్లు. జనతా పార్టీకి 60. ఉదయగిరి ఆ అరవైలో నిలబడింది. 1983లో రాష్ట్రమంతా ఎన్టీఆర్, రెండొందలకు పైగా సీట్లు. భారతీయ జనతా పార్టీకి మొత్తం మూడంటే మూడు. అందులో ఒకటి ఉదయగిరి! ఒకసారి గాలికి ఎదురు ఈదడం కాకతాళీయం అనుకోవచ్చు. వరసగా రెండుసార్లు, రెండు వేర్వేరు గాలులకు? ఈ మెట్ట నియోజకవర్గం ఏం ఆలోచించింది? కులం లెక్కా, మనిషి మాటకారితనమా, పాత పెత్తందార్ల మీద కసా, కరువు కోపమా? దానికి జవాబు ఢిల్లీలో వేసిన అభినందన సంచికల్లో దొరకదు. సీతారామపురం, దుత్తలూరు, వరికుంటపాడు పల్లెల్లో ఆ రోజు గోడలకు సున్నం కొట్టి గుర్తులు రాసినవాళ్ల దగ్గర, జీపు తోలినవాళ్ల దగ్గర, బూతు ఏజెంట్లుగా కూర్చున్నవాళ్ల దగ్గర ఉంది. వాళ్లకిప్పుడు డెబ్బై దాటుతున్నాయి. మనం విగ్రహాల ఎత్తు గురించి మాట్లాడుకుంటున్నాం.

వేరేచోట ఏం చేశారో ఒకటి చెప్తాను. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో క్రాఫర్డ్స్‌విల్ అని చిన్న ఊరుంది. 1832లో పెట్టిన వాబాష్ కాలేజీ తప్ప పెద్ద ఆకర్షణేమీ లేని మామూలు ఊరు. హెన్రీ లేన్ అనే ఆయన 1861 జనవరిలో ఆ రాష్ట్రానికి గవర్నరుగా పనిచేశాడు, రెండంటే రెండు రోజులు. మూడోరోజు సెనేటుకు ఎన్నికై వెళ్లిపోయాడు. 1856లో రిపబ్లికన్ పార్టీ మొదటి జాతీయ సమావేశానికి అధ్యక్షత వహించింది ఆయనే. ఆ రెండు రోజుల గవర్నరు ఇల్లు ఇవాళ్టికీ ఉంది. 1930ల నుంచి స్థానిక చరిత్ర సంఘం చూసుకుంటోంది. కుర్చీలు, ఉత్తరాలు, పింగాణీ పళ్లాలు. మన దగ్గర ఏడాదిన్నర ముఖ్యమంత్రిగా చేసి, టాగూరును అనువదించినవాడి పేరు సొంత నియోజకవర్గంలో ఇంటిపేరు దగ్గరే ఆగిపోయింది.

ఆ ఊళ్లో నాకు నచ్చింది ఆ ఇల్లు కాదు. ఇంటితో పాటు జైలు కూడా దాచుకోవడం. 1882లో కట్టిన తిరుగుడు జైలు అది. మధ్యలో ఇరుసు మీద గదులన్నీ గుండ్రంగా తిరుగుతాయి, తలుపు ఒక్కటే ఉంటుంది, జైలరు మరతిప్పితే ఖైదీ గది తలుపు దగ్గరికి వస్తుంది. ఇలాంటి జైళ్లలో తిరిగేటప్పుడు ఖైదీల చేతులు, కాళ్లు నలిగిపోయిన సందర్భాలున్నాయి. చివరికి తిప్పడం మానేశారు. సెనేటరు ఇంట్లో పింగాణీ, అదే ఊళ్లో ఖైదీ ఎముకలు నలిగిన ఇనుము. రెండూ చూస్తేనే ఆ ఊరు ఏంటో తెలుస్తుంది. అమెరికావాళ్లు మహానుభావులని చెప్పడం లేదు, వాళ్లు దాచింది ఎంతో, దాచకుండా తుడిచేసింది అంతకంటే ఎక్కువ. ఆ నేల మీద అంతకుముందు బతికినవాళ్ల ఇళ్లు చూపించమనండి. కానీ ఊరి సంగతి ఊరే దాచుకోవాలి, రాజధాని వచ్చి దాచిపెట్టదు అన్న ఇంగితం అక్కడుంది.

దీనికి ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు, వచ్చింది కూడా. ఈ వాదన విని ఒక మిత్రుడు అడిగాడు: "ఏందయ్యా, రెడ్ల ఇళ్లకీ కమ్మోళ్ల ఇళ్లకీ ఇంక మ్యూజియాలు కూడా కట్టాల్నా? ఇప్పటిదాకా ఆ వాకిళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది చాల్లేదా?" ఈ ప్రశ్నను దాటేస్తే నా వాదన అబద్ధమవుతుంది. నిజమే, తెలుగు రాజకీయ నాయకుడి ఇల్లంటే చాలాచోట్ల భూస్వామి ఇల్లే. విజయనగరంలో గురజాడ ఇల్లు, రాజమండ్రిలో వీరేశలింగం ఇల్లు చూడ్డానికి పోయినవాడు తల ఎత్తుకుని పోతాడు. దొర లోగిలిలోకి పోవాలంటే ఎన్నో తరాల వంగిన నడుము గుర్తొస్తుంది. అందుకే ఇల్లు నిలబెట్టాలి అంటాను, దాన్ని గుడి చేయడం నా ఉద్దేశం కాదు. ఆ ఇంట్లో ముందుగది ఎంత వైశాల్యమో, పెరటి తలుపు ఎంత ఇరుకో పక్కపక్కనే చూపించాలి. ఎవరు అరుగు దాకా వచ్చేవాళ్లు, ఎవరు వాకిలి బయటే ఆగిపోయేవాళ్లు, ఎవరికి గ్లాసు వేరు, ఎవరు పేరు పెట్టి పిలిచేవాళ్లు, ఎవరు దొరా అనేవాళ్లు. విగ్రహం ఈ కథ చెప్పలేదు, విగ్రహానికి పెరడు ఉండదు. ఇంటికి ఉంటుంది. ఇల్లు అబద్ధమాడాలన్నా దాని గోడలు కొంత నిజం చెప్పేస్తాయి.

ఉదయగిరికి ఈ పోగొట్టుకోవడం కొత్తది కాదు. కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోని ఈ కోటను ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపి తీసుకుపోయి, దాని కోసమే ఒక గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. హంపిలో కృష్ణాలయం ముందు గైడు ఉదయగిరి పేరు చెప్తాడు. ఆ విగ్రహం ఇవాళ చెన్నై మ్యూజియంలో ఉంది. అంటే కొండ మాది, దేవుడు వాళ్ల ఊళ్లో, ఇప్పుడు ఇంకో ఊళ్లో. ఐదొందల ఏళ్ల తర్వాత కూడా పద్ధతి పెద్దగా మారలేదు. కొండ ఎక్కి గెలవడం, గెలిచినదాన్ని ఎత్తుకుపోవడం. ఉదయగిరి అనగానే కోట, రాయలు అంటాం గాని, ఆ కొండ కింద నర్ది కర్ర, కలివి కర్ర చెక్కి గరిటెలు, స్పూన్లు చేసే ఇళ్లున్నాయి. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది ఆ చెక్క సామానుకు. ఎక్కువగా ముస్లిం కుటుంబాల పని అది, ఆడవాళ్ల చేతులు ఎక్కువ. చారిత్రక గృహం అంటే ముందు అలాంటి ఒక ఇంటిని చూపించమంటాను నేను. రాళ్ల మీద రాజుల పేర్లున్నాయి, గరిటె మీద చేసినామె పేరు ఉండదు.

ఇంకో సంగతి, దీన్ని రాజకీయ నాయకుల ఇళ్ల చర్చలో ఎందుకు తెస్తున్నానంటే, తేకపోతే ఆ చర్చే దొంగలెక్క అవుతుంది. అనంతసాగరం మండలంలో సోమశిల. 78 టీఎంసీల జలాశయం. నెల్లూరు మాగాణికి ప్రాణం అదే, ఏ పార్టీ నాయకుడి ప్రసంగంలోనైనా సోమశిల రాక తప్పదు. దానికింద మునిగినవి ఎక్కువగా కడప జిల్లా పల్లెలు. ఇళ్లు, గుళ్లు, మసీదులు, శ్మశానాలు, చింతతోపులు. ఎండాకాలం నీళ్లు దిగిపోతే కొన్ని మొండిగోడలు పైకి తేలతాయి. ప్రాజెక్టు దగ్గర శిలాఫలకాల మీద ఎవరెవరు శంకుస్థాపన చేశారో, ఎవరెవరు ప్రారంభించారో, ఎవరు గౌరవ అతిథో, ఎవరు సభాధ్యక్షులో పొల్లుపోకుండా చెక్కించే ఆచారం మనది. మునిగిన ఊళ్ల పేర్లు వరసగా ఒక రాయి మీద చెక్కడానికి ఏం అడ్డం? పేర్ల పిచ్చి అంతగా ఉన్నవాళ్లం, ఆ పేర్లెందుకు చెక్కం? ఆ పిచ్చి కూడా ఓటున్న వైపుకే పారుతుంది.

కాబట్టి నేను అడిగేది పెద్ద పని కాదు, కోట్ల పని అంతకన్నా కాదు. ఇంకొక విగ్రహం లేపకముందు, ఇంకొక కట్టడానికి పేరు మార్చకముందు, ఆత్మకూరులో ఒక గది. గ్రంథాలయంలో ఒక మూల అయినా సరే. గోపాలరెడ్డి అనువాదాలు, 1955 ఎన్నికల కరపత్రాలు, పెద్దమనుషుల ఒప్పందం పాఠం ఒక అద్దం పెట్టెలో. పక్కనే దాన్ని తిట్టిన తెలంగాణ కరపత్రం కూడా. రెండూ లేకపోతే వద్దేవద్దు. ఉదయగిరిలో ఒక గది. 1978, 83 వాల్‌పోస్టర్లు, ఆ ఎన్నికల్లో పనిచేసిన ముసలివాళ్ల మాటలు రికార్డు చేసి. వాళ్లు ఏ పార్టీకి పనిచేశారన్నదాంతో నిమిత్తం లేదు, ఓడినవాళ్ల మాటలు ఇంకా ముఖ్యం. ఈ పని చేయడానికి పురావస్తు శాఖ అక్కర్లేదు. ఉదయగిరిలో, ఆత్మకూరులో, వింజమూరులో కాలేజీలున్నాయి. ప్రతి ఏడూ వందలమంది పిల్లలు ఎక్కడెక్కడినుంచో దించుకొచ్చిన ప్రాజెక్టు రిపోర్టులు బైండింగ్ చేయించి ఇస్తున్నారు. అందులో ఒక్క బ్యాచ్‌ను పల్లెలకు పంపి తాతలతో మాట్లాడించండి.

"డబ్బులెవరిస్తారు" అన్న ప్రశ్న మాత్రం నన్నడగొద్దు. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డులకు రంగులు మార్చడానికి, ఫలకాలు తీసి ఫలకాలు పెట్టడానికి ఎవరిస్తున్నారో వాళ్లనే అడగండి.

తొందర మాత్రం ఉంది. నడికుడి–శ్రీకాళహస్తి రైలు పట్టాలు ఆత్మకూరు మీదుగా వస్తున్నాయి, రోడ్ల పక్కన భూముల ధరలు లేచాయి, పాత మిద్దెలు పడగొట్టి స్లాబులు వేస్తున్నారు. పిల్లలు బెంగళూరులో, హైదరాబాద్‌లో, గల్ఫులో. మిద్దె పడగొట్టే ముందురోజు అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగుతుంది. అందులో పట్టాదారు పాసుపుస్తకం, పెళ్లి శుభలేఖలు, తాత జై ఆంధ్ర ఉద్యమంలో జైలుకు పోయినప్పటి కాగితం, నాగలి పట్టిన రైతు గుర్తు అచ్చేసిన ఎరుపు పచ్చ కరపత్రాలు. పాసుపుస్తకం తీసి లోపల పెట్టుకుంటారు. మిగతావి పాత పేపర్లు కొనే అతను కిలోల లెక్కన తూచి, సైకిలు వెనక బస్తాలో వేసుకుని పోతాడు.